విరిగితే విరగనీ!

బోస్టన్ చిల్డ్రన్స్ మ్యూజియంలో వేసవి ఇంటర్న్‌షిప్ ముగించుకుని ఇంటికొచ్చిన ఓ డిజైన్ విద్యార్థిని చెబుతున్న కబుర్లు

పిల్లల చేతిలో ఏ వస్తువు ఎన్నాళ్లు బతుకుతుందో ఎవరూ చెప్పలేరు. చెక్కదైతే పెచ్చులూడుతుంది, ప్లాస్టిక్‌ది పగులుతుంది, గుడ్డది మాసి చిరుగుతుంది. ఇనుముకు ఢోకా లేదనుకుంటామా, మర అరిగి బోల్టు ఊడి చేతికొస్తుంది. బోస్టన్ చిల్డ్రన్స్ మ్యూజియంలో ఈ వేసవి నేను చేసిన పనిలో సగం దీని చుట్టూ తిరిగిందే. పొద్దున్నే తలుపులు తీయకముందు ఒక చుట్టు, సాయంత్రం మూశాక ఒక చుట్టు. ఏది వదులైంది, ఏది జిగురు జిగురుగా ఉంది, ఏది కనబడకుండా పోయింది అని చూసుకోవడం, రాసుకోవడం, రిపేరుకి పంపడం, దాని స్థానంలో ఇంకోటి పెట్టడం. విరగ్గొట్టిందెవరని అడిగినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు.

నేను హైదరాబాద్‌లో డిజైన్ చదువుతున్నాను. ఎగ్జిబిషన్ డిజైన్ అంటే మా చుట్టాలు ఇప్పటికీ నుమాయిష్‌లో స్టాళ్లు కట్టడమనే అనుకుంటారు. ఆ మాటకొస్తే అదేం తక్కువ పని కాదు. చదువుతూ ఉండగానో, పూర్తయిన ఏడాదిలోపో విదేశీ విద్యార్థులు అమెరికా వెళ్లి పని నేర్చుకోవడానికి జె-1 అని ఒక వీసా ఉంది. దానికి ముందుగా డీఎస్-7002 అనే ఫారంలో ఏం నేర్చుకుంటామో, ఎవరు నేర్పుతారో దశలవారీగా రాసి సంతకాలు పెట్టాలి. అందులో నేను ‘పిల్లల కోసం ఎగ్జిబిట్ల నమూనాలు తయారుచేయడం, పరీక్షించడం’ అని రాశాను. వాటిని విరగ్గొట్టించుకోవడం కూడా అందులో భాగమేనని అక్కడికి వెళ్లాకగానీ తెలియలేదు.

క్విన్సీలో ఒక గది, రెడ్ లైన్ రైల్లో సౌత్ స్టేషన్, అక్కణ్ణుంచి నడక. బోస్టన్ నడిబొడ్డుని ఆనుకుని ఫోర్ట్ పాయింట్ చానెల్ అని ఒక సముద్రపు పాయ ఉంటుంది. దాని మీద వంతెన పక్కనే, చరిత్రలో పేరుపడ్డ బోస్టన్ టీ పార్టీని గుర్తుచేసే ఓడల మ్యూజియం. వంతెన దాటితే ఎర్ర ఇటుకల పాత గోదాములు. ఒకప్పుడు ఉన్ని నిల్వ చేసిన అలాంటి గోదాములోకే 1979లో పిల్లల మ్యూజియం మారింది. గుమ్మం ముందు 40 అడుగుల పాలసీసా నిలబడి ఉంటుంది. 1930ల్లో ఎవరో ఐస్‌క్రీం అమ్ముకోవడానికి కట్టుకున్న బడ్డీకొట్టు అది. పాడుబడిపోతుంటే హుడ్ పాల కంపెనీ కొని బాగుచేయించి మ్యూజియానికి ఇచ్చింది. 1977లో పడవ మీద ఊరేగింపుగా తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. దారి చెప్పాలంటే ఊళ్లో అందరూ ‘పాలసీసా దగ్గర’ అనే అంటారు.

గాజు తలుపులు తీసిన మనిషి

పిల్లల కోసమే పెట్టిన మ్యూజియాల్లో ప్రపంచంలోకెల్లా మొదటిది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1899లో మొదలైంది. అక్కడ 1902 నుంచి 1937 దాకా పనిచేసిన అన్నా బిల్లింగ్స్ గాలప్ జీవశాస్త్రం చెప్పే టీచరు. పిల్లల్ని వస్తువుల దగ్గరికి రానివ్వాలని ఆ రోజుల్లోనే పట్టుబట్టిన మనిషి. ఆ మ్యూజియాన్ని చూసి ముచ్చటపడిన మేరీ స్టీవర్ట్ కేరీ అనే ఆవిడ 1925లో ఇండియానాపొలిస్‌లో ఒకటి మొదలుపెట్టించింది. ఇవాళ పిల్లల మ్యూజియాల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దది అదే. బోస్టన్‌ది ఈ రెంటికీ మధ్యలో, 1913లో, సైన్సు టీచర్లు కలిసి పెట్టుకున్నది. మొదట జమైకా ప్లెయిన్ అనే పేటలో, చెరువుగట్టు మీదున్న ఒక పాత బంగళాలో ఉండేది.

పేరుకి పిల్లల మ్యూజియమే అయినా అక్కడా చాలాకాలం పాటు సామానంతా అద్దాల బీరువాల్లోనే. ఈ సంగతి మనవాళ్లకు చెప్పాలి. ముట్టుకోనివ్వకపోవడం మన ఒక్కరి జబ్బేం కాదు, వాళ్లకీ ఉండేది. 1962లో మైకేల్ స్పాక్ డైరెక్టరుగా వచ్చాక మారింది. పిల్లల పెంపకం మీద రాసిన పుస్తకంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న డాక్టర్ బెంజమిన్ స్పాక్ కొడుకాయన. డాక్టరుగారబ్బాయికి మాత్రం చదవడం ఒక పట్టాన అబ్బలేదు. డిస్లెక్సియా. అక్షరాలు మొరాయించిన పిల్లాడికి వస్తువులు అర్థమయ్యాయి కాబోలు, పెద్దయ్యాక ‘లోపలేముంది?’ అని ఒక ప్రదర్శన పెట్టాడు. ఇళ్లల్లో రోజూ చూసే సామాన్లను అడ్డంగా కోయించి, పిల్లలు లోపలంతా చూసేలా అమర్చాడు. మ్యూజియం దేని గురించి అన్నది తర్వాత, ఎవరికోసం అన్నది ముందు అనేవాడు. 1985 దాకా ఆయనే డైరెక్టరు. ఇవాళ అమెరికాలో ఏ పిల్లల మ్యూజియంలో అడుగుపెట్టినా ఆయన ఆలోచన ఏదో ఒక మూల కనిపిస్తుంది.

అద్దం తీసేయడం ఒక్క పూట పని. ఆ మర్నాటి నుంచి రోజూ విరిగేవాటిని బాగుచేసుకోవడానికి మనుషులు, బల్ల, పనిముట్లు, డబ్బు కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఒపెన్‌హైమర్ (అణుబాంబు ఒపెన్‌హైమర్‌కి తమ్ముడు) 1969లో ఎక్స్‌ప్లొరేటోరియం పెట్టినప్పుడు వర్క్‌షాపును ఎక్కడో వెనకాల దాచలేదు. లేత్ మిషన్లు, వెల్డింగులు వచ్చేపోయేవాళ్లకు కనబడేటట్టు పెట్టాడు. ఇంకో మంచి పని కూడా చేశారు వాళ్లు. తమ ఎగ్జిబిట్లు ఎలా చేసుకోవాలో కొలతలతో సహా ‘కుక్‌బుక్’ పేరుతో పుస్తకాలుగా అచ్చువేసి, ఎవరైనా కాపీ కొట్టుకోండని ఊరి మీదికి వదిలారు. మా డిజైన్ వాళ్లకు అవి ఇప్పటికీ పాఠ్యపుస్తకాలే.

బోస్టన్ మ్యూజియంలో లోపలికి రాగానే పిల్లలంతా పరిగెత్తేది మూడంతస్తుల ఎత్తున వంపులు తిరిగిన పలకల దగ్గరికి. తీగల వలలోంచి ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి పాకుతూ పైదాకా పోవచ్చు. దాన్ని రూపొందించిన టామ్ లక్కీ 2005లో కిటికీలోంచి పడిపోయి మెడ కింద నుంచి కదల్లేని స్థితికొచ్చాడు. పిల్లలు ఎక్కి దూకే ఆ కట్టడాన్ని మంచం మీంచి, చక్రాల కుర్చీలోంచి మాటలతోనే చెప్పి, కొడుకు స్పెన్సర్ సాయంతో పూర్తిచేయించాడు. అడుగున నిలబడి కొత్తగా వచ్చిన తల్లులకు ఈ కథ చెప్పకూడదని నేనే ఒక నియమం పెట్టుకున్నాను. అసలే పై అంతస్తులో పిల్లాడు కనబడక వాళ్ల గుండెలు దడదడలాడుతుంటాయి.

బొంగరాల బల్ల

నా పని ప్రోటోటైపులు చేయడం. అసలు ఎగ్జిబిట్‌కి ముందు అట్టపెట్టెలు, టేపు, పేపర్ ప్లేట్లతో నాటు నమూనా ఒకటి చేసి పిల్లల మధ్యలో పెట్టి, వాళ్లేం చేస్తారో చూడాలి. బాగా నునుపుగా, అందంగా చేస్తే పనికిరాదు. ముచ్చటపడి చేసుకున్నదాన్ని మార్చడానికి మనకే మనసొప్పదని అక్కడివాళ్లు చెప్పే కారణం. డక్ట్ టేపు వేసినదైతే పీకి పారేయడం తేలిక.

నేను సూట్‌కేసులో ఏటికొప్పాక బొంగరాలు తీసుకెళ్లాను. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉండే ఆ ఊళ్లో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క రంగులద్దుతారు. చెట్ల బెరడు, గింజలు, వేళ్ల నుంచి తీసిన రంగులు. మొదట కొండపల్లి బొమ్మలు పట్టుకెళ్దామనుకున్నానుగానీ వాటి తీరు వేరు. తెల్లపొణికి చెక్కతో ఏనుగు వేరే, అంబారీ వేరే, మావటి చెయ్యి వేరే చెక్కి చింతగింజల జిగురుతో అతికిస్తారు. చూడ్డానికి కన్నులపండువ. నాలుగేళ్ల పిల్ల చేతిలో పెడితే మావటి చెయ్యి ముందుగా పోతుంది. ఏటికొప్పాక సరుకు చాలామటుకు గుండ్రంగా, అంచుల్లేకుండా ఉంటుంది. ఒకటి కొలువులో కూర్చోవడానికి పుట్టింది, ఇంకొకటి నేల మీద దొర్లడానికి.

పిల్లల దగ్గరికి పోయే ముందు ప్రతి ముక్కా ఒక చిన్న గొట్టం పరీక్ష దాటాలి. మూడేళ్లలోపు బిడ్డ గొంతు కొలతకు దగ్గరగా, 31.7 మిల్లీమీటర్ల వ్యాసంతో చేసిన గొట్టం అది. ఏ వస్తువైనా పూర్తిగా అందులో ఇమిడిపోతే ఆ వయసు పిల్లలకు ఇవ్వకూడదు. అమెరికాలో బొమ్మలమ్మేవాళ్లందరికీ ఈ నియమం ఉంది. వస్తువును చూడ్డం ఒక్కటే సరిపోదు, కింద పడేసి, లాగి, మెలిపెట్టి చూసి, విరిగి ఊడొచ్చిన ముక్కను కూడా గొట్టంలో వేయాలి. నా బొంగరాలన్నీ నిండు ఆకారంలో దాటాయి. కిందపడి విరిగిన పిడి మాత్రం టుప్పుమని గొట్టంలో పడింది. దాంతో నా బల్ల మూడేళ్లు దాటినవాళ్లకే అని తేలిపోయింది.

ఆ బల్ల మీద నేను నాలుగు రకాల పళ్లేలు పెట్టాను. ఒకటి నున్నటి స్టీలు, ఒకటి గరుకు కాగితం అతికించింది, ఒకటి మెత్తటి ఫెల్టు గుడ్డది, ఇంకోటి మధ్యలో గుంట ఉన్నది. దేని మీద బొంగరం ఎక్కువసేపు తిరుగుతుందో పిల్లలు పోల్చి చూస్తారని కాగితం మీద లెక్క. ఒక్కరూ పోల్చలేదు. గుంట పళ్లెంలో రెండు బొంగరాలు ఒకేసారి తిప్పితే జారుకుంటూ మధ్యకొచ్చి ఢీకొంటాయని ఒక అబ్బాయి కనిపెట్టాడు. పది నిమిషాల్లో బల్ల చుట్టూ కోడిపందేల బరి తయారైంది. గెలవడానికి ఏది మేలని వాళ్లలో వాళ్లే పందెం వేసుకుని పెద్దది, చిన్నది, బరువుది, పొట్టిది అన్నీ తిప్పి చూశారు. పోల్చడం నేను అనుకున్న చోట జరగకుండా పక్క వీధిలో జరిగిందన్నమాట. మిగతా మూడు పళ్లేలూ తీసేసి గుంటవే మూడు పెట్టాం.

సూచనల బోర్డుల సంగతి కూడా చెప్పాలి. పిల్లలు వాటివైపు చూడరు. పెద్దలు చదువుతారు, చదివి పిల్లలకు డ్యూటీ వేస్తారు. ‘ముందిది తిప్పాలంట, తర్వాత అది తిప్పాలంట’ అంటూ. అందుకని బోర్డు మీద పెద్దలకు మాత్రమే ఒక ప్రశ్న రాయడం అక్కడ నేర్చుకున్నాను. మీ చిన్నప్పుడు ఏ ఆట ఆడేవాళ్లు? ఇది చూడగానే తండ్రులు ఫోన్లు జేబులో పెట్టి బొంగరం అందుకుంటారు. ఫ్లోర్ మీద పనిచేసేవాళ్లు పిల్లల కన్నా పెద్దల్ని కనిపెట్టుకుని ఉండటానికే ఎక్కువ కష్టపడతారంటే నమ్మండి. గోల్ఫ్ బంతుల్ని పట్టాల మీద దొర్లించే చోట, బంతి మలుపు దగ్గర పడిపోయిందనుకోండి. పిల్లాడు ఇంకా చూస్తూనే ఉంటాడు. ఈలోపు అమ్మో నాన్నో చెయ్యి పెట్టి పట్టా సరిచేసేస్తారు. వాడు చేయాల్సిన పనిని లాగేసుకున్నామని వాళ్లకు తోచదు. అలాంటప్పుడు ఇంటర్న్ చేయాల్సింది ఒకటే, ఆ పెద్దమనిషితో మాట కలపడం. ఎక్కడి నుంచి వచ్చారు, ఎండ ఎలా ఉంది, ఏదో ఒకటి. ఆ అర నిమిషంలో పిల్లాడు పట్టాను తనే ఎత్తుకుంటాడు.

ఈ తొందర ఏ ఒక్క దేశానిదో అనలేను. కాకపోతే మన తెలుగు కుటుంబాలు వచ్చినప్పుడు మాటలు అర్థమయ్యేవి కాబట్టి నవ్వొచ్చేది. ‘కన్నా, అలా కాదు నాన్నా, ఇలా’ అన్న మాట చెవిన పడితే తల తిప్పకుండానే తెలిసిపోయేది. వీసా మీద వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు మాత్రం బహు నెమ్మదిగా ఉండేవారు. వాళ్లకు తొందరేం లేదు. అల్లుడుగారు పార్కింగ్ డబ్బుల గురించి లెక్కలేసుకుంటుంటే వీళ్లు బెంచీ మీద కూర్చుని మనవరాలు సబ్బు బుడగలు తీస్తుంటే చూస్తూ ఉండేవారు.

పై అంతస్తులో జపాన్‌లోని క్యోటో నుంచి తెచ్చిన ఇల్లు ఉంది. బోస్టన్‌కూ క్యోటోకూ 1959 నుంచి సోదర నగరాల ఒప్పందం. ఆ స్నేహానికి గుర్తుగా అక్కడి పట్టు వ్యాపారి పాత రెండంతస్తుల ఇంటిని విప్పి, ఓడలో పంపి, జపాన్ వడ్రంగులే వచ్చి 1979లో మళ్లీ నిలబెట్టారు. లోపలికి వెళ్లాలంటే చెప్పులు విప్పాలి. వచ్చినవాళ్లకు ఈ సంగతి పదే పదే గుర్తు చేయాల్సి వచ్చేది. ఒక మధ్యాహ్నం చీర, స్వెటర్, స్పోర్ట్స్ షూలతో ఒక పెద్దావిడ వచ్చి గడప ముందు తనంతట తనే షూలు విప్పి, పక్కకు జరిపి, కుడికాలు పెట్టి లోపలికి వెళ్లింది. చాప మీద కూర్చుని దూలాలు, తలుపుల పట్టాలు చూస్తోంది.

“ఏ ఊరమ్మా మీది?” అన్నాను.

“తెలుగమ్మాయివా! మాది తెనాలి దగ్గరమ్మా. ఇక్కడ పని చేస్తున్నావా? ఎంతిస్తారు?”

నవ్వి దాటేశాను. ఆవిడ మళ్లీ పైకి చూసి, “ఇంటికిల్లు మోసుకొచ్చి పెట్టారా వీళ్లు? మా పెంకుటిల్లు పడగొట్టినప్పుడు దూలాలు, ద్వారబంధాలు తూకానికి ఇచ్చేశాం. ఎవరో సిటీవాళ్లు హోటల్‌కని పట్టుకుపోయారు” అంది. కాసేపాగి మనవడికి ఆ ఇంట్లో చూరు ఎలా ఉండేదో, వానొస్తే నీళ్లు ఎక్కడెక్కడ కారేవో చెప్పడం మొదలుపెట్టింది. పిల్లాడికి తెలుగు అరకొరగానే వచ్చినట్టుంది. అయినా నీళ్లు కారడమన్నది బాగా పట్టేసి, “ఇక్కడ కూడా కారతాయా?” అని నన్నడిగాడు.

మ్యూజియం టికెట్ చవకేం కాదు. నలుగురు కలిసి వెళితే మన డబ్బుల్లో వేలల్లో పని. దేశంలో చాలా మ్యూజియాల్లో ‘మ్యూజియమ్స్ ఫర్ ఆల్’ అని 2014లో మొదలైన ఒక ఏర్పాటు ఉంది. ప్రభుత్వ ఆహార సాయం కార్డు చూపిస్తే మనిషికి మూడు డాలర్లు మించదు, కొన్నిచోట్ల ఉచితమే. కౌంటర్లో ఆ కార్డు చూపినవాళ్లను ఒక్క ప్రశ్న కూడా వేయకపోవడం నాకు బాగా నచ్చింది.

చివరి వారం ఫైళ్లు అప్పజెప్పడం, మూల్యాంకనం ఫారాలు, అందరి ముందు ప్రజెంటేషన్. నా బల్ల ఫొటోలతో అందమైన స్లైడ్లు చేసి మా సూపర్‌వైజరుకు చూపించాను. ఆవిడ చూసి, విరిగినవి ఎక్కడ పెట్టావు, అవి తీసుకురా, ప్రజెంటేషన్ అదే అంది. పిడులు ఊడిన బొంగరాలు, మొన అరిగినవి, ఎవరో పంటి గాట్లు పెట్టినవి, అన్నీ వరుసగా బల్ల మీద పేర్చి ఒక్కోటి ఎక్కడ, ఏ తీరున పోయిందో చెప్పాను. వర్క్‌షాప్ నుంచి వచ్చిన ఆయన అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు వేశాడు. జె-1 మీద వచ్చినవాళ్లకు పని ముగిశాక ముప్పై రోజులు దేశంలో తిరిగే వీలుంటుంది. అందరూ నయాగరాకి వెళతారు. నేను బ్రూక్లిన్ వెళ్లి ఆ మొదటి మ్యూజియం ఇప్పటి పసుపు పచ్చ భవనం చూసుకుని విమానమెక్కాను.

స్టాక్ రిజిస్టర్

మనకు పిల్లల కోసం ఏమీ లేవని అనను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అందరి రేడియో అన్నయ్య, అక్కయ్య, 1940లోనే ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో బాలభవన్ ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మల గది ఉంది. కాకపోతే అందులో సిపాయిలంతా అద్దం వెనకాలే కవాతు చేస్తుంటారు. గంట గంటకూ గడియారంలోంచి వచ్చి గంట కొట్టే చిన్న మనిషిని చూడ్డానికి మాత్రం జనం ఇప్పటికీ కిక్కిరిసిపోతారు. ఎందుకంటే అక్కడ కదిలేది అదొక్కటే. సంక్రాంతికి మా పక్కింట్లో బొమ్మల కొలువు పెట్టేవారు. మెట్లు కట్టేటప్పుడు ఇటుకలు మోయడానికి, దుప్పట్లు పట్టుకోవడానికి పిల్లలం కావాలి. బొమ్మలు ఎక్కాక ‘దూరం, దూరం’ అనేవాళ్లు.

మా చిన్నమ్మ సూర్యాపేట దగ్గర అంగన్‌వాడీ టీచరు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. బోస్టన్‌లో నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్ల ఈడే. కేంద్రానికి ఆట సామాను పంపుతారు, బాగానే ఉంటుంది, ప్లాస్టిక్ ఘనాలు, పూసలు, పజిళ్లు. అవన్నీ ఇనుప బీరువాలో ఉంటాయి. బీరువాకు తాళం. తాళం చిన్నమ్మ కొంగున.

“బయట పెట్టొచ్చుగా చిన్నమ్మా” అంటే మండిపడింది.

“పెడితే పలుగుతయి. పలిగితే ఎవరు జవాబు చెప్పాలె? రిజిస్టర్ల ఇరవై అని ఉంటే ఇరవై చూపియ్యాలె. పలిగింది కండెమ్ జెయ్యాలంటే మళ్ల పైనోళ్ల సంతకం. నాకేమన్న పనిలేదా బిడ్డా?”

ఆవిడ మాటలో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు. చిన్నమ్మకు పిల్లలంటే ప్రాణం. గుడ్లు తక్కువొస్తే ఫోన్లు చేసి పోట్లాడే మనిషి. బొమ్మ విషయంలో మాత్రం ఆవిడ ఆడించే టీచరు కాదు, కాపలాదారు. బోస్టన్‌లో రిపేరు బల్ల ఉంది, ఇన్ని పోతాయని ముందే వేసుకున్న లెక్కా ఉంది. ఇక్కడ ఆ పోయేదంతా ఒక గౌరవవేతనం మనిషి నెత్తిన పడుతుంది. డబ్బు లేక మనకు పిల్లల మ్యూజియాలు రావడం లేదని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ రిజిస్టర్‌ను అనుమానిస్తున్నాను. ఇరవై అని రాసిన గడి పక్కన ‘ఆడి అరిగినవి’ అని ఇంకో గడి గీస్తే ఎంత ఖర్చవుతుంది? సంతకం అక్కర్లేకుండా టీచరే నింపుకునేలా, ఏడాదికి ఇన్ని అని ఒక హద్దు పెట్టి. జిల్లా కేంద్రంలో ఒక వడ్రంగి, ఒక కుట్టుమిషను, కాస్త జిగురు. ఇంతకంటే పెద్ద ప్రాజెక్టు నా దగ్గర లేదు.

మిగిలిన బొంగరాలు, గుంట పళ్లెం ఒకటి చిన్నమ్మకు ఇచ్చాను. మూడేళ్లు దాటినవాళ్లకే ఇవ్వమని, పిడి విరిగిన ముక్క కనబడితే వెంటనే తీసేయమని గొట్టం సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. రిజిస్టర్‌లో రాసుకుంటావా అని అడిగితే, “రాస్తే ఇగ బీరువలకే పోతయి. రాయను” అంది.

వారం తర్వాత ఫోన్ చేసింది. రెండు పలిగాయట, పిల్లలు మస్తు ఆడుతున్నారట. ఎక్కడ విరిగాయో ఫొటో తీసి పెట్టమన్నాను. రెండూ పిడి మొదట్లోనే పోయాయి, బోస్టన్‌లో పోయిన చోటే. ఈసారి అక్కడ లావు కాస్త పెంచి తిప్పమని ఏటికొప్పాకలో చెప్పి రావాలి. లక్క పూయకముందే వెళితే మేలు.